ఎర్ర మూతా? నారింజ మూతా? సరిహద్దు జిల్లాల మందుల షాపులకు బహిరంగ లేఖ

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల మందుల షాపుల యజమానులకు, వారి సంఘాలకు, కౌంటర్ దగ్గర నిలబడే ఫార్మసిస్టులకు,

నమస్కారం.

పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో ఉండే తెలుగు కుటుంబం షుగర్ చూపించుకోవడానికి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లడం మామూలే. అక్కడి డాక్టరు ఇన్సులిన్ పెన్ను రాస్తారు. చేతిలో డబ్బు ఆడని నెలలో అదే కుటుంబం ఇక్కడి ప్రభుత్వాసుపత్రి గడప తొక్కుతుంది. నిరామయ పథకం కింద ఉచితంగా ఇన్సులిన్ దొరికితే అది సాధారణంగా 10 మి.లీ. గాజు సీసాలో ఉంటుంది. సీసా అన్నాక సిరంజి కావాలి. సిరంజి కోసం మీ షాపుకు వస్తారు. అలా ఒకే ఇంట్లో, ఒకే స్టీలు గిన్నెలో, రెండు బలాల ఇన్సులిన్, రెండు రకాల సాధనాలు చేరతాయి. విశాఖ డాక్టరుకు సీసా సంగతి తెలియదు, ఇక్కడి డాక్టరుకు పెన్ను సంగతి ఎవరూ చెప్పరు. రెండు చీటీలూ చూసే అవకాశం ఉన్నది మీ ఒక్కరికే. అందుకే ఈ ఉత్తరం మీకు.

మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా యూ-40. అంటే 1 మి.లీ.లో 40 యూనిట్లు, 10 మి.లీ. సీసాలో మొత్తం 400. పెన్నులో వేసే 3 మి.లీ. కార్ట్రిడ్జ్ యూ-100. అంటే 1 మి.లీ.లో 100 యూనిట్లు, కార్ట్రిడ్జ్‌లో మొత్తం 300. కార్ట్రిడ్జ్‌లో మందు రెండున్నర రెట్లు చిక్కన, కానీ కంటికి తెలియదు. రెండూ నీళ్లలాగానో పల్చటి పాలలాగానో ఉంటాయి. యూ-40 సీసాకు వాడాల్సింది యూ-40 సిరంజి, ఎర్ర మూతది. అందులో ఒక్కో చిన్న గీత 1 యూనిట్. యూ-100 సిరంజికి నారింజ మూత. 1 మి.లీ. సైజు తీసుకుంటే అందులో ఒక్కో చిన్న గీత 2 యూనిట్లు.

ఇక తప్పు ఎలా జరుగుతుందో లెక్క కట్టి చూడండి. డాక్టరు పొద్దున 20 యూనిట్లు అన్నారు. మనవాళ్లు 20 పాయింట్లు అంటారు, మీరూ ఆ మాటే వాడితే మంచిది. యూ-40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ. అందులో ఉన్నది 8 యూనిట్లే. షుగర్ దిగదు. తర్వాతి విజిట్‌లో డాక్టరు డోసు పెంచుతారు. మళ్లీ దిగదు, మళ్లీ పెంచుతారు. అలా పెంచుకుంటూ పోయిన డోసు మీద ఒకరోజు మరో షాపులో సరైన సిరంజి దొరుకుతుంది. ఆ రోజు ప్రాణం మీదకొస్తుంది. తిరగేసి చూస్తే ఇంకా దారుణం. యూ-100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అంటే 50 యూనిట్లు. రాత్రి భోజనానికి ముందు అది వేసుకున్న మనిషి నిద్రలోనే స్పృహ తప్పవచ్చు.

యూ-100 సీసాలు మా దగ్గర లేవు, మాకు ఆ బెడద లేదు అనుకోకండి. పెన్ను బటన్ బిగుసుకుపోయినప్పుడు కార్ట్రిడ్జ్‌లోకే సిరంజి గుచ్చి లాగే ఇళ్లున్నాయి. మందు ఎందుకు పారేయాలి అని. ఆ పని చేయవద్దని పెన్ను అమ్మిన రోజే చెప్పాలి. రోజంతా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్‌లో 1 మి.లీ.కు 300 యూనిట్ల పెన్ను కూడా ఉంది. అందులో ఒకటిన్నర మి.లీ.లోనే 450 యూనిట్లు. దాంట్లో సిరంజి గుచ్చితే ఎర్ర మూత 20 గీత దగ్గర 150 యూనిట్లు వస్తాయి.

ఎరుపు, నారింజ అని మనం విడదీసి చెబుతున్నాం గానీ, కంట్లో శుక్లాలున్న డెబ్బై ఏళ్ల మామ్మకు రెండూ ఎర్రవే. రంగును నమ్ముకోకండి. సిరంజి గొట్టం మీద 40 అని ఉందో 100 అని ఉందో మీరు చదవండి, సీసా లేబుల్ మీది అంకెను పక్కన పెట్టి చూపించండి, రెండూ ఒకటేనని కొనేవారి చేతనే అనిపించండి. ఇంగ్లిషు రాకపోయినా, ఒడియా చదవలేకపోయినా, 40, 100 అనే అంకెలు బస్సు నంబరు చదివే ప్రతి ఒక్కరికీ వచ్చు. సిరంజి మాత్రమే అడిగినవారికి సీసా చూడకుండా సిరంజి ఇవ్వకండి. సీసా తేలేదంటే ఖాళీ డబ్బానో, ఫోనులో దాని ఫోటోనో అడగండి. కొంత విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

పెన్నుల విషయానికొస్తే, ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ ఆ కంపెనీ పెన్నులోకే. ఇంకొకటి బలవంతంగా ఎక్కించినా పిస్టన్ సరిగా ఆనదు, తిప్పిన డోసు పడదు. కంపెనీలు ఒక్కోసారి ఒక రకం కార్ట్రిడ్జ్ సరఫరా ఆపేస్తుంటాయి. అప్పుడు మన ముందున్నవి రెండు దారులు. అదే మందు సీసాలో తీసుకోవడం, లేదా వేరే కంపెనీ పెన్నుకు మారడం. రెండూ డాక్టరుతో మాట్లాడి చేయాల్సినవే. సీసాకు మారితే యూనిట్లు అవే ఉంటాయి, లాగే మందు పరిమాణం రెండున్నర రెట్లవుతుంది. పెన్నుతో 20 వేసుకున్నప్పుడు 0.2 మి.లీ. పడేది, ఇప్పుడు అర మి.లీ. లాగాలి. ఇంత ఎక్కువ మందేమిటని భయపడి తగ్గించి లాగుతారు. మారే రోజున ఈ ఒక్క ముక్క చెప్పకపోతే నెలరోజుల షుగర్ పాడవుతుంది.

పెన్ను వాడేవారు మీ దగ్గర చేసే ఫిర్యాదు ఒకటుంది: కార్ట్రిడ్జ్ ముందే అయిపోతోంది, మందు తక్కువ నింపుతున్నారు. నిజానికి అది లెక్క. పొద్దున 20, రాత్రి 10 వేసుకునేవారికి రోజుకు 30 యూనిట్లు. ప్రతి సూదికి ముందు 2 యూనిట్లు గాలిలోకి వదలాలి కాబట్టి ఇంకో 4. రోజుకు 34 చొప్పున 300 యూనిట్లు తొమ్మిది రోజులు నిండకుండానే అయిపోతాయి. ఈ లెక్క చెప్పకపోతే ఆ 2 యూనిట్లు వదలడం మానేస్తారు. వదలకపోతే ఏమవుతుంది? కొత్త సూది లోపలి ఖాళీలోనూ, కార్ట్రిడ్జ్ పైభాగంలోనూ ఉన్న గాలి ముందుగా వెళ్తుంది, మందు తగ్గుతుంది. సూది మూసుకుపోయి ఉంటే ఆ సంగతి కూడా తెలియదు. పెన్నును నిలువుగా పట్టి, వేలితో కొట్టి, 2 తిప్పి, బటన్ నొక్కాలి. సూది కొన మీద చుక్క కనబడాలి. కనబడకపోతే మళ్లీ. మూడుసార్లు చేసినా రాకపోతే సూది మార్చాలి.

మందు వేసుకున్నాక బటన్ సున్నాకు వచ్చిందని వెంటనే సూది లాగేస్తారు. 10 లెక్కపెట్టే దాకా లోపలే ఉంచమనండి. లేకపోతే చివరి చుక్కలు చర్మం మీదే కారిపోతాయి. తర్వాత సూది తీసి పెన్నుకు మూత పెట్టాలి. సూది అలాగే ఉంచితే పగటి వేడికి మందు వ్యాకోచించి కారుతుంది, రాత్రి చల్లదనానికి గాలి లోపలికి దూరుతుంది. పాలలాంటి మిక్స్ ఇన్సులిన్‌లో అయితే కారేటప్పుడు రెండు భాగాలూ సమానంగా కారవు, మిగిలిన మందు బలమే మారిపోతుంది.

ఆ మిక్స్ గురించి ఇంకొంచెం. 30/70 రకాల్లో 30 వంతులు త్వరగా పనిచేసే తేట మందు, 70 వంతులు అడుగున పేరుకునే మందు. వాడే ముందు అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేసి, అంతటా ఒకే తెల్లదనం వచ్చాకే వేసుకోవాలి. సీసాను సోడా బుడ్డిలా గిలకొడితే బుడగలొచ్చి డోసు తప్పుతుంది. కలపకుండా వాడితే మొదటి వారం ఒక మందు, ఆఖరి వారం ఇంకో మందు వేసుకున్నట్టే. ఒకే డోసుకు సీసా మొదట్లో షుగర్ ఒకలా, చివర్లో ఇంకోలా ఉందని ఎవరైనా అంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఎంత కలిపినా రేణువులు తేలుతుంటే, గాజుకు పొడి అంటుకుపోతే ఆ సీసా చెత్తబుట్టకే. తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారినా అంతే.

సూది వేసుకునే చోటు మీ షాపులో చూడలేరు, అడగగలరు. బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్ట, తొడ పైభాగం బయటివైపు, పిరుదులు, మోచేతికి పైన చేతి వెనుక భాగం. నిన్న వేసుకున్న చోటికి కనీసం ఒక వేలు ఎడంగా ఇవాళ. ఒకేచోట వేసుకుంటూ పోతే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. దానికి స్పర్శ తక్కువ, నొప్పి ఉండదు. నొప్పి లేదని అక్కడే వేసుకుంటారు. ఆ గడ్డలోంచి ఒళ్లు ఇన్సులిన్‌ను ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పీల్చుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గడ్డ వదిలేసి మంచి చోట వేసుకోమని చెప్పి ఊరుకుంటే అదే డోసు పూర్తిగా పట్టి షుగర్ పడిపోతుంది. కాబట్టి ముందు డాక్టరుకు గడ్డ చూపించి డోసు సరిచూసుకుని, కొన్నాళ్లు షుగర్ తరచుగా చూసుకుంటూ చోటు మార్చమనాలి.

పెన్ను సూదుల్లో పెద్దలకు 4 మి.మీ. చాలు. లావుగా ఉన్నవారికీ చాలు, చర్మం మందం మనిషి బరువును బట్టి పెద్దగా మారదు. నిటారుగా గుచ్చాలి. బక్కపలచగా ఉంటే, పిల్లలకైతే, చర్మం మడత పట్టుకోవాలి. సిరంజి సూది ఇంకా పొడవు, దానికి ఎవరైనా మడత పట్టుకోవాల్సిందే. లేకపోతే కండలోకి దిగి మందు త్వరగా పనిచేసేస్తుంది. సూది ఒక్కసారికే. ఖర్చు సంగతి మాకు తెలుసు, ఒకే సిరంజి వారం వాడేవారున్నారనీ తెలుసు. ఆ ఇంటికి ఉపన్యాసం పనిచేయదు. స్పిరిట్‌తో తుడవద్దని, తుడిస్తే మీది నున్నటి పూత పోయి నొప్పి పెరుగుతుందని చెప్పండి. ఆలుమగలిద్దరికీ షుగర్ ఉంటే సూదే కాదు, పెన్ను కూడా ఇద్దరూ పంచుకోకూడదని గట్టిగా చెప్పండి. సూది మార్చినా కార్ట్రిడ్జ్‌లోకి రక్తం వెనక్కి పోవచ్చు.

ఇక మీ ఫ్రిజ్. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి కంటే గడ్డకట్టడం ప్రమాదం. వేడి మందును మెల్లగా చంపుతుంది, మంచు ఒక్క రాత్రిలో. గడ్డకట్టి కరిగిన తేట ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి కంటితో తేల్చలేం. మంచు గదికి ఆనుకుని, వెనక గోడకు తగిలి పెట్టకండి. తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది. మధ్య అరలో, డబ్బాలోనే, చుట్టూ గాలి ఆడేలా. అదే ఫ్రిజ్‌లో కూల్ డ్రింకులు పెడితే తలుపు రోజుకు వందసార్లు తెరుచుకుంటుంది. అత్యధికం, అత్యల్పం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ కొనండి. దాని తీగ కొనను చిన్న నీళ్ల సీసాలో ముంచి ఉంచితే తలుపు తీసినప్పటి గాలి ఊపు కాకుండా మందు అసలు వేడి తెలుస్తుంది. పొద్దున షాపు తీయగానే, రాత్రి కట్టే ముందు రాసిపెట్టండి. తనిఖీకి వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు బిల్లు పుస్తకాలతో పాటు ఈ పుస్తకాన్నీ అడగాలని మా కోరిక.

బరంపురం నుంచో విశాఖ నుంచో బస్సులో వచ్చే పెట్టె రాయగడ బస్టాండులో ఎంతసేపు ఎండలో ఉంది? ఎవరు దించుకున్నారు? ఐసు ప్యాకు డబ్బాలకు నేరుగా ఆనించి ఉందా? తడిసిన డబ్బా, గట్టిపడిన డబ్బా తీసుకోకండి. వెనక్కి పంపడంలో మొహమాటం వద్దు.

రాత్రి మెయిన్ స్విచ్ ఆపి వెళ్లే అలవాటున్న షాపులు ఉన్నాయంటే నమ్మడం కష్టం, కానీ ఉన్నాయి. ఫ్రిజ్ లైను వేరుగా ఉండాలి. పైగా మనది తుపాను దారి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ దెబ్బకు గజపతి జిల్లా ఎలా అయిందో మీకు చెప్పనక్కర్లేదు. అక్టోబరు వచ్చేసరికి ఫ్రిజ్ ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపి ఉంచండి, కరెంటు పోయాక చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. తలుపు తీయకండి. హెచ్చరిక రాగానే ఇన్సులిన్ వాడే మీ ఖాతాదారులకు ఫోను చేసి రెండు వారాలకు సరిపడా మందు, సిరంజిలు, గ్లూకోజ్ తీసుకెళ్లమనండి. అందుకు వారి ఫోను నంబర్ల జాబితా ముందే ఉండాలి.

ఫ్రిజ్ లేని ఇళ్ల సంగతి. తెరిచి వాడుతున్న సీసా, కార్ట్రిడ్జ్ బయట ఉంచవచ్చు. ఎక్కువ రకాలకు 28 రోజులు, కొన్నింటికి ఇంకా ఎక్కువ, డబ్బాలోని కాగితం చూడండి. కాగితం 25 లేదా 30 డిగ్రీలు దాటకూడదంటుంది. కెన్యాలోని దగహలే శరణార్థి శిబిరపు వాతావరణాన్ని అనుకరించి జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దులెరుగని వైద్యుల సంస్థ కలిసి చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతూ ఉన్నా నాలుగు వారాల్లో బలం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఇది ధైర్యం చెప్పే మాటే. కానీ మే నెలలో రేకుల ఇంట్లో, మధ్యాహ్నం 40 దాటిన గదిలో అటక మీద పెట్టమని దాని అర్థం కాదు.

అలాంటి ఇంటికి మట్టి కుండ ఉంది. వెడల్పు మూతి పెద్ద కుండ అడుగున తడి ఇసుక పోసి, లోపల చిన్న కుండ దించి, మధ్య సందు కూడా ఇసుకతో నింపి, రోజుకు రెండుసార్లు తడపాలి. ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి తడిగుడ్డ కప్పాలి. గాలి తగిలే నీడలో ఉండాలి, మూసిన గదిలో కాదు. ఇది నీరు ఆవిరి కావడం మీద నడిచేది కాబట్టి రాయగడ, కొరాపుట్ వైపు పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. బరంపురం, ఛత్రపూర్ ఉక్కపోతలో అంత చల్లబరచదు. ఇంతకంటే మేలైన ఉపాయం మీ చేతిలోనే ఉంది. ఫ్రిజ్ లేనివారికి ఒకేసారి మూడు నెలల మందు అమ్మకండి. ఒక్కో సీసా ఇచ్చి మిగతాది పేరు రాసి మీ ఫ్రిజ్‌లోనే ఉంచండి. రోజుకు 10 యూనిట్లే వాడేవారికి 400 యూనిట్ల సీసా 40 రోజులు వస్తుంది, 28 దాటాక పారేయాలి. అందుకే అమ్మేటప్పుడే లేబుల్ మీద తెరిచే తేదీ రాసుకోమని పెన్సిల్‌తో గీత గీసివ్వండి. బండి మీద వెళ్లేవారిని పెట్రోల్ ట్యాంకు మీది సంచిలో పెట్టవద్దనండి. ఐసు ముక్కల్లో ముంచి తీసుకెళ్లడం అంతకంటే చెడ్డది.

మందు లేదని పక్క మందు ఇచ్చే అలవాటు మాత్రల దగ్గర ఎంత ప్రమాదమో పక్కన పెట్టండి, ఇన్సులిన్ దగ్గర మాత్రం పనికిరాదు. మిక్స్ అనే మాట చాలా పేర్లలో ఉంటుంది. హ్యూమన్ 30/70 తిండికి అరగంట ముందు వేసుకోవాలి. అనలాగ్ మిక్స్, అంటే ఇంకా త్వరగా పనిచేసేలా మార్చిన ఇన్సులిన్ కలిసినది, కంచం ముందు కూర్చునేటప్పుడు. ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చి వేళ చెప్పకపోతే, అరగంట ముందు అనలాగ్ వేసుకున్న మనిషి వడ్డించేలోపే చెమటలు కక్కుతాడు. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని టీ తాగి పొలానికి పోయి, తొమ్మిదింటికి చోడి అంబలో పఖాళో తినేవారు మన జిల్లాల్లో ఎందరో. ఎన్నింటికి తింటారో అడగండి. పొంతన కుదరకపోతే డాక్టరుకు చెప్పమని చీటీ వెనక రాసివ్వండి. కార్తీక సోమవారాలు, మార్గశిర గురువారాలు ఉపవాసం ఉండే ఆడవాళ్లను నెల ముందే అడగండి. ఉపవాసం మానమనడం మీ పని కాదు, డోసు మార్చడమూ కాదు. డాక్టరును కలవమనడం మీ పని.

షుగర్ 70 కంటే తగ్గితే, వణుకు, చెమట, తత్తరపాటు వస్తే, 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చిన్న చెంచాలు నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకుని తగ్గే ఉంటే మళ్లీ అంతే. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని ముక్క ఇది. వోగ్లిబోస్ కలిసిన మాత్రలు మన షాపుల్లో విపరీతంగా పోతాయి. ఆ మందు పేగులో పంచదార విరగకుండా అడ్డుకుంటుంది. దాన్ని వాడేవారికి షుగర్ పడిపోతే పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. చీటీలో ఇన్సులిన్‌తో పాటు వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ కనబడితే గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి చేతిలో పెట్టి ఎందుకో చెప్పండి. ఇది ఫార్మసిస్టు మాత్రమే పట్టుకోగల సంగతి.

కొత్త సాధనాల గురించి అడిగేవారు పెరుగుతున్నారు. మొదటి పెన్ను వచ్చింది 1985లో, ఆ తర్వాత చాలా వచ్చాయి. పీల్చే ఇన్సులిన్‌కు మన దేశంలో 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. 4, 8, 12 యూనిట్ల గుళికలు. తిండి ముందు వేసుకునే సూదికి మాత్రమే బదులు, రోజంతా పనిచేసే ఇన్సులిన్‌కు కాదు. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) ఉన్నవారికి, పొగతాగేవారికి పనికిరాదు. మొదలుపెట్టే ముందు ఊపిరితిత్తుల పరీక్ష తప్పనిసరి. కట్టెల పొయ్యి పొగలో బతుకు వెళ్లదీసిన అమ్మలకు, రాతి క్రషర్లలో పనిచేసినవారికి దీన్ని సూది భయం పోగొట్టే మందుగా అమ్మేయకండి. వారానికి ఒకసారి వేసుకునే ఐకోడెక్ ఇన్సులిన్‌కు ఐరోపాలో 2024లో అనుమతి వచ్చింది. దాంట్లో 1 మి.లీ.కు 700 యూనిట్లు. వారపు మందును రోజువారీ మందుగా ఎవరైనా పొరబడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒంటికి తగిలించుకుంటే రోజంతా మందు పంపే ఇన్సులిన్ పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, కాబట్టి గొట్టం మూసుకుంటే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లనే ప్రమాదకరమైన ఆమ్లాలు పెరుగుతాయి. పంపున్న పిల్లల ఇంట్లో పెన్నో సిరంజో ఎప్పుడూ అదనంగా ఉండాలి. చర్మానికి అంటించుకునే 14 రోజుల సెన్సార్ చూపేది చర్మం కింది ద్రవంలోని షుగర్, అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో తేడా అనిపించి సెన్సార్ బాగుందంటే వేలు పొడిచి చూడాల్సిందే. మా అభిప్రాయం అడిగితే, ఈ జిల్లాల్లో పదిమంది షుగర్‌ను బాగుచేసేది పంపు కంటే ముందు సరైన సిరంజి.

దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లకు పైనే అని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. అందరినీ చూసే షుగర్ డాక్టర్లు బరంపురంలోనూ లేరు, కొరాపుట్‌లోనూ లేరు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి మందు గురించి చెప్పడాన్ని ఫార్మసిస్టు విధిగా రాశాయి. 1948 ఫార్మసీ చట్టం చీటీ మీది మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనంటుంది. ఆచరణలో సర్టిఫికెట్ గోడకు, కుర్రాడు కౌంటర్‌కు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఫార్మసిస్టు ఉండే వేళలు పలక మీద తెలుగులో, ఒడియాలో రాసి పెట్టండి. కొత్తగా ఇన్సులిన్ మొదలయినవారిని, సాధనం మారినవారిని ఆ వేళకే రమ్మనండి. పది నిమిషాలు చాలు. డోసు జోలికి వెళ్లకుండా చూపించండి, తర్వాత వారి చేత చేయించి చూడండి. చెప్పడం కంటే చేయించడం ముఖ్యం, మీ షాపులో నీళ్లు నింపిన డెమో పెన్ను ఒకటి ఉంచుకోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వచ్చి తిండి తినలేదు కాబట్టి ఇన్సులిన్ ఆపేశామనే వారికి వాంతి మాత్ర ఇచ్చి పంపకండి, ఆసుపత్రికి పంపండి. చిన్నపిల్లవాడైతే ఆటో మాట్లాడి పంపండి. పొడపత్రి ఆకు పొడి మొదలుపెట్టి, టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్న పిల్లలకు ఇన్సులిన్ మాన్పించే వారితో మాత్రం మొహమాటపడకండి.

సంఘాలకు మా విన్నపాలు మూడు. ఏ షాపులో ఏ ఇన్సులిన్ ఉందో ఒకరికొకరు చెప్పుకునే వాట్సాప్ జాబితా పట్టణానికొకటి పెట్టుకోండి, పక్క మందు ఇవ్వాల్సిన అవసరమే తగ్గుతుంది. వాడిన సూదులు తిరిగి తీసుకునే తెల్లటి గట్టి డబ్బా ప్రతి షాపులో ఉంచి, ఆసుపత్రుల వ్యర్థాలు తీసుకెళ్లే వారితో ఒప్పందం చేసుకోండి. ఇంట్లో ఫినైల్ డబ్బాలో పోగుచేసి మూత బిగించి తెమ్మనండి, ఇప్పుడు అవి మున్సిపాలిటీ చెత్త ఏరేవారి చేతుల్లో దిగుతున్నాయి. మూడోది ఒక కాగితం. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా. సీసా మీద 40 ఉంటే సిరంజి మీద 40. సీసా మీద 100 ఉంటే సిరంజి మీద 100. కార్ట్రిడ్జ్‌లో సిరంజి పెట్టవద్దు. కింద మీ షాపు ఫోను నంబరు, ఫార్మసిస్టు ఉండే వేళలు. ప్రతి ఇన్సులిన్ డబ్బాకు రబ్బరు బ్యాండుతో చుట్టి ఇవ్వండి. ఎండలు ముదిరేలోపు ఈ కాగితం అచ్చు వేయించగలిగితే, దాంట్లో కుండ బొమ్మ కూడా వేయించండి.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల్లో షుగర్ రోగులతో పనిచేసే కొందరు ఫార్మసిస్టులు, నర్సులు